బంతి లేని ఆట

మా ఇంటి హాలు పొడవు 14 అడుగులు, వెడల్పు 11. నేలకూ స్లాబుకూ మధ్య తొమ్మిదిన్నర. ఫ్యాను రెక్కలు 8 అడుగుల ఎత్తున తిరుగుతాయి. హోసూరు సిప్‌కాట్‌లో 34 ఏళ్ళు టూల్‌రూములో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి కొలతలు ఊరికే నోటికి వస్తాయనుకోకండి. ఆ ఫ్యాను కింద, టీవీకీ సోఫాకూ నడుమ, ఏటా సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మా మేనల్లుడూ నేనూ గోల్ఫ్ సాధన చేస్తాం. ఆ 8 అడుగులు మాకు ముఖ్యం.

గోల్ఫ్ అనగానే మీలో సగం మంది నవ్వుకుంటారని తెలుసు. రాగిసంగటి తినే ఇంట్లో గోల్ఫేమిటని మా వీధిలోనూ నవ్వారు. కలకత్తాలో 1829లో, మనకు 40 కిలోమీటర్ల దూరంలోని బెంగుళూరులో 1876లో గోల్ఫ్ క్లబ్బులు పుట్టాయి. అప్పటినుంచీ ఆ మైదానాల్లో రెండు రకాల మనుషులు నడుస్తున్నారు. కట్టె పట్టుకుని ఆడేవాళ్ళు ముందు, ఆ కట్టెల సంచి మోసే కేడీలు వెనక. ఆ వెనక నడిచినవాళ్ళలోంచే కొందరు ముందుకొచ్చారు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో సంచులు మోసినవాడే. అతనికి ముందు ఆ పోటీ గెలిచిన భారతీయుడు ఒక్కడే, 1965లో పి.జి. సేఠీ. 2009లో అదే పోటీ గెలిచిన మునియప్ప బెంగుళూరు కేడీ. బిడది దగ్గర ఈగల్టన్ మైదానం పక్క పల్లెలో పెరిగిన చిక్కరంగప్ప కూడా పేదింటి బిడ్డే. ఆట ఎవరిదన్న వాదం నాకు వద్దు గానీ, వీళ్ళు నేర్చుకున్న తీరు మాత్రం మన పల్లెల్లో వడ్రంగం, కమ్మరం నేర్చుకునే తీరే. పక్కన నిలబడి చూడటం, ఇంటికి పోయి చేసి చూసుకోవడం.

మా చెల్లెల్ని కృష్ణగిరిలో ఇచ్చాం. ఆమె భర్త గ్రానైటు పాలిషు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఒక్కడే కొడుకు. ప్లస్ టూ అయ్యాక మా ఇంటికొచ్చి కేడీ పనిలో చేరాడు. హోసూరు పక్కన క్లోవర్ గ్రీన్స్ ఉంది, సరిహద్దు దాటితే బెంగుళూరు మైదానాలున్నాయి. ఎక్కడ పిలిస్తే అక్కడికి పోతాడు. 18 గుంతల ఆటకు నాలుగైదు గంటల నడక, ఆటకింత అని కూలి. చాలా క్లబ్బుల్లో సోమవారం మైదానానికి సెలవు, ఆ రోజు కేడీలను ఆడుకోనిస్తారు. అంటే వారంలో ఒకరోజు చేతికి పని, ఆరు రోజులు కంటికి పని. ఆరేళ్ళు అలా గడిచాయి. ఇప్పుడు వాడికి 23.

మన హోసూరులో గట్టి వానలు పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. నేల నానిపోతుంది, బెంగుళూరు కార్లు రావు. ఆట లేకపోతే కూలి లేదు. మంచు దేశాల్లో ఈ ఆటకు చలికాలం సెలవు. అక్కడివాళ్ళు ఇంట్లో వల కట్టుకుని అందులోకి బంతులు కొడతారు. జపానులో రైలు కోసం నిలబడ్డ ఆఫీసు మనుషులు చేతిలోని గొడుగునే కట్టెగా తిప్పుతుంటారని చెప్పుకుంటారు. మాకు వలా లేదు, నేలమాళిగా లేదు. ఫ్యాను మాత్రం ఉంది.

అందుకని మొదట చేసింది పొట్టి కట్టె. ఎవరో విరగ్గొట్టి పారేసిన కట్టెను వాడు తెచ్చాడు. దాన్ని రెండడుగులకు కోసి, కొసన సీసం పోసి, పాత తోలు పిడి ఎక్కించాను. మామూలుగా ఏడో నంబరు ఇనపకట్టె మూడడుగుల పైచిలుకు ఉంటుంది, దాన్ని నిండుగా ఎత్తితే ఫ్యానుకు చేటు. పొట్టిదానితో నిండు ఊపు, పొడుగుదానితో నడుము నుంచి నడుము దాకా సగం ఊపు. ఇదీ మా ఇంటి చట్టం. ఇది కూడా నేను పెట్టింది కాదు, మా ఆవిడ పెట్టింది.

వాడికి కొలతలు చూసేవాడు కావాలి. నాకు రిటైరైన చేతులకు పని కావాలి. అలా చూస్తూ చూస్తూ నేనూ పట్టాను. 61 ఏళ్ళవాడికి 23 ఏళ్ళవాడు గురువు.

మొదటి పాఠం పట్టు. ఎడమ చేతిలో కట్టె అరచేతి నడుమ పడకూడదు, వేళ్ళ మొదళ్ళలో పడాలి. మూసి పైనుంచి చూస్తే ఎడమ చేతి కణుపులు రెండు కనిపించాలి. కుడి చిటికెన వేలు ఎడమ చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ సందులో పడుకోవాలి. జెర్సీ దీవిలో పుట్టిన హ్యారీ వార్డన్ పేరుతో ఈ పట్టును పిలుస్తారు. మొదట పట్టింది ఆయన కాదు, ఆయన గెలిచాడు కాబట్టి పేరు ఆయనకు దక్కింది. లోకంలో చాలా పేర్లు ఇలాంటివే.

నేను కట్టెను పిసికేస్తున్నానని వాడు గమనించాడు.

"మామా, గుద్దలి ఎత్తేటప్పుడు పిడిని పిసుకుతావా?"

"పిసికితే బొబ్బలొస్తాయి గదరా."

"మరి ఇదీ అంతే. ఎత్తేంతవరకే మనం. దిగేటప్పుడు దాని బరువు అదే దిగాల. జారిపోకుండా పట్టుకో, చాలు."

గుద్దలి దగ్గర నాకు దారి దొరికింది. మా నాయన బాగలూరు దగ్గర మెట్టచేను తవ్వుతుంటే చూసినవాణ్ణి. ఆయన దెబ్బకూ పక్కవాడి దెబ్బకూ తేడా బలంలో ఉండేది కాదు. సాయంత్రానికి పక్కవాడు వగర్చేవాడు, మా నాయన బీడీ వెలిగించుకుని కబుర్లు చెప్పేవాడు. రెండు వారాలు నా పాఠమంతా టీవీ వార్తలు చూస్తూ కట్టెను పట్టుకోవడం, వదలడం, మళ్ళీ పట్టుకోవడం. కంటితో చూడకుండా వేళ్ళు వాటి చోటికి అవే పోవాలి. మా ఆవిడ వచ్చినవాళ్ళతో "ఆయనకు కొత్త జపమాల దొరికింది" అనేది.

రెండోది నిలుపు. దీనికి గోడే గురువు. గోడకు వీపు చేసి, మడమలు జానెడు దూరం పెట్టి, నడుము దగ్గర వంగితే పిర్రలు గోడకు ఆనాలి. కట్టె వెనక్కి పోయేటప్పుడు కుడి పిర్ర గోడను ఒత్తాలి. ముందుకు వచ్చేటప్పుడు ఆ ఒత్తిడి ఎడమ పిర్రకు మారాలి. ఆత్రపడి ఒళ్ళు ముందుకు దూకితే గోడ వదిలిపోతుంది. అద్దం ముందు నిలబడితే మనకు కావలసింది చూసుకుంటాం, గోడ దగ్గర ఆ వీలు లేదు. తగిలిందా, తగల్లేదా, అంతే. ఇప్పుడు మా హాలు గోడకు నడుము కిందుగా రెండు మరకలున్నాయి, ఒకటి నాది, ఒకటి వాడిది. ఇంటికొచ్చిన చుట్టాలు ఇవేమిటని అడిగితే చెప్పడం కొంచెం కష్టం.

చంకల్లో తువ్వాలు పెట్టుకుని అది పడకుండా ఊపడం ఇంకొకటి. చేతులు ఒంటిని విడిచి సొంత పెత్తనం చెయ్యకుండా ఉండటానికి. ఇది నాకు త్వరగానే వచ్చింది. గురి కూడా పెద్ద కష్టం కాలేదు. మైదానంలో రెండు కర్రలు రైలు పట్టాల్లా పరిచి ఒకదాని మీద బంతి దారి, ఒకదాని మీద కాలివేళ్ళు సరిచూసుకుంటారు. మా ఇంట్లో టైల్సు సందులే పట్టాలు.

అసలు కష్టం తాళం. మంచి ఆటగాళ్ళలో కట్టె వెనక్కి పోయే సమయం దిగే సమయానికి ఇంచుమించు మూడింతలుంటుంది. ముక్కాలు సెకను పైకి, పావు సెకను కిందికి. పావు సెకనులో మనిషి ఆలోచించి చేయగలిగిందేమీ లేదు. చెయ్యాల్సిందంతా అంతకు ముందే అయిపోవాలి. మేనల్లుడు చిన్నప్పుడు కృష్ణగిరిలో భజన గుంపులో చెక్కలు వాయించేవాడు. వాడు అంకెలు లెక్కపెట్టడు. కట్టె ఎత్తుతూ "త, కి, ట" అంటాడు, దిగేటప్పుడు "థోం". నేను మొదట "థోం" మీద నా బలమంతా పెట్టేవాణ్ణి. అది కాదు, "ట" దగ్గర తొందర పడకుండా ఉండటమే విద్య అని వాడు చెప్పాడు. ఒక్కో రోజు ఒక్క ఊపునే నిమిషం సేపు సాగదీసి చేయిస్తాడు. చేసి చూడండి, తొడలు వణుకుతాయి. ఒంట్లో ఏ కీలు ఎప్పుడు కదులుతుందో అప్పుడు తెలుస్తుంది.

బంతి లేకుండా ఇదంతా ఏం సాధన అని నన్ను అడిగినవాళ్ళున్నారు. గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కట్టెకూ దానికీ స్పర్శ సుమారు అర మిల్లీసెకను. అంటే సెకనులో రెండువేలవ వంతు. ఆ రవ్వంత సేపటి కోసమే మిగతా తతంగం. కానీ ఆ చిన్న బంతి ఎదురుగా ఉంటే కన్ను దాన్నే చూస్తుంది, బంతి బాగా పోయిందంటే చేసిందంతా బాగున్నట్టే లెక్క. చెడ్డ ఊపుకు కూడా ఒక్కోసారి బంతి తిన్నగా పోతుంది. టూల్‌రూములో మేము ఒక ముక్క సరిగ్గా వచ్చిందని డై బాగుందని ఒప్పుకునేవాళ్ళం కాదు. నూరు ముక్కలు కొట్టి చూసేవాళ్ళం. ఇంట్లో బంతి లేదు కాబట్టి మెప్పించడానికి ఎవరూ లేరు, మోసపోవడానికీ వీలు లేదు.

ఈ మాటకు పెద్ద సాక్షి బెన్ హోగన్. అమెరికాలో టెక్సస్ పేదింటి పిల్లవాడు, అతనూ కేడీయే. 1949 ఫిబ్రవరిలో పొగమంచులో అతని కారును బస్సు ఢీకొట్టింది. మళ్ళీ నడుస్తాడా అన్నారు. మరుసటి ఏడే, 1950లో, కాళ్ళకు కట్లతో యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. 1957లో అతను రాసిన అయిదు పాఠాల పుస్తకం ఇప్పటికీ అమ్ముడుపోతోంది. అందులో మొదటి పాఠం పూర్తిగా పట్టు గురించే, రెండోది నిలుపు గురించి. మా మేనల్లుడు ఇంగ్లీషులో తడబడతాడు, అయితే అందులోని బొమ్మలు చాలు వాడికి. ఎవరో సారు ఇచ్చిన పాత ప్రతి, అట్ట ఊడిపోయింది.

పోయిన దీపావళికి కృష్ణగిరి వెళ్ళాం, వాడూ నేనూ మా ఆవిడా. బస్సులో 50 కిలోమీటర్లు, శూలగిరి దాటేవరకూ వాన. చెల్లెలు నన్ను వంటింట్లోకి పిలిచి పీట వేసింది. పీట వేసిందంటే మాట ఉందని అర్థం.

"అన్నా, నువ్వు చెప్తే వింటాడు. వాళ్ళ నాయన ఫ్యాక్టరీలో మాట్లాడి పెట్టినాడు. కాంట్రాక్టు పనే, అయినా నెల తిరిగితే జీతం వస్తాది. ఈ కట్టె తిప్పేది ఎన్నాళ్ళు? వానలొస్తే తిండికి నీ ఇంట్లో ఉండాడు. మాకు సిగ్గుగా ఉండాది."

"మా ఇంట్లో తింటే సిగ్గేమే?"

"నువ్వు అట్లే అంటావు. ఆయన అనడు, లోపల్లోపల కాగుతాడు."

సంగతేమిటంటే 2006లో మొదలైన ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియాలో ఆడాలంటే ఏడాది మొదట్లో జరిగే అర్హత పోటీలు దాటాలి. ముందొక వడపోత, దాటినవాళ్ళకు నాలుగు రోజుల ఆట. రుసుము, ప్రయాణం, బస అన్నీ కలిపితే మా చెల్లెలి ఇంటికి అది చిన్న మొత్తం కాదు. వాడు రెండేళ్ళుగా కూడబెట్టుకున్నాడు. ఆ డబ్బుతో ఇంటికి రేకులు మార్చొచ్చునని వాళ్ళ నాయన ఆలోచన. ఆ ఆలోచనలోనూ తప్పు లేదు. వాన కారే ఇంట్లో కూర్చుని నేను అలీ షేర్ కథ చెప్పలేను. గెలిచిన ఒకడి పేరు మనకు తెలుస్తుంది, గెలవని వందమంది ఇంకా సంచులు మోస్తూనే ఉంటారు. ఆ లెక్క మా చెల్లెలికి నాకంటే బాగా తెలుసు.

అందుకని నేను కొలిచింది మాత్రమే చెప్పాను. మా ఇంట్లో గోనెసంచి పరిచి దాని మీద ముగ్గుపిండితో అడ్డంగా ఒక గీత గీస్తాం. గీత బంతి ఉండే చోటు. వాడు సగం ఊపు ఊపుతాడు, కట్టె అడుగు సంచిని ఎక్కడ ముట్టిందో పిండి చెరిగి తెలుస్తుంది. ఇనపకట్టె సరిగ్గా దిగితే ముందు బంతిని తాకి, ఆ తరువాత నేలను ముట్టాలి. కాబట్టి చెరుపు గీత దగ్గర మొదలై అవతలికి పోవాలి. ఒక్కో ఊపుకు కొత్త గీత. నేను టేపుతో కొలిచి నోటుబుక్కులో రాస్తాను. అంతకుముందు ఏడు పది ఊపులకు ఆ మొదలు నాలుగు అంగుళాల మేర చెల్లాచెదురుగా ఉండేది. ఈ ఏడు పదింటికీ అంగుళంలోపు.

"అంటే గెలుస్తాడా?" అంది చెల్లెలు.

"అది తెలీదు. మిషను రోజుకో చోట తప్పు చేస్తా ఉంటే దాన్ని ఎవరూ సరిచెయ్యలేరు. రోజూ ఒకే చోటికి వస్తే, ఆ చోటు తప్పయినా సరిచెయ్యొచ్చు. వాడు ఇప్పుడు ఒకే చోటికి వస్తా ఉండాడు. సంక్రాంతి పోటీ దాకా ఆగండి. ఆ తరువాత మీ ఇష్టం, వాడి ఇష్టం."

ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. పప్పు పోపు పెట్టింది.

భోజనాల దగ్గర మేనల్లుడు వాళ్ళమ్మకు ఇంటి సాధనలో ఉన్న ఒక చిక్కు చెబుతున్నాడు. ఊపు సంగతి సరే, బంతిని గుంతలోకి దొర్లించే పని మామ ఇంట్లో కుదరడం లేదట. టైల్సు సందు తగిలి బంతి ఎగురుతుంది. గుంత ఎంత ఉంటుందని ఆమె అడిగింది. "108 మిల్లీమీటర్లు, మా. నాలుగుంబావు అంగుళం. యాడ ఆడినా అంతే." వాళ్ళ నాయన పక్కనే కూర్చుని మజ్జిగన్నం కలుపుకుంటున్నాడు. తలెత్తలేదు. ఆ మనిషికి మాట తక్కువ, గ్రానైటు దుమ్ములో మాట్లాడి మాట్లాడి గొంతు కూడా పాడయింది.

దీపావళి అయిన పదో రోజున ఫోను. కృష్ణగిరి నుంచి బెంగుళూరు పోయే రాళ్ళ లారీ ఒకటి హోసూరు బైపాసులో ఆగుతుంది, వచ్చి తీసుకోండని. మేనల్లుడు వానలో మోపెడు మీద పోయి, గోనెపట్టాలో చుట్టి తాళ్ళు కట్టిన పొడుగాటి మూటను ఇంకో పిల్లవాడి భుజం మీద పెట్టించుకుని తెచ్చాడు. విప్పితే నల్ల గ్రానైటు పట్టీ. పెద్ద పలకలు కోసినప్పుడు అంచుల్లో మిగిలే ముక్క. ఏడడుగుల పొడవు. పై ముఖం అద్దంలా పాలిషు, అంచులు చేతికి గీసుకోకుండా అరగదీసి ఉన్నాయి. చీటీ ఏమీ లేదు.

బంతి దాని మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు పక్కకు పడకుండా పోవాలంటే తిన్నగా కొట్టక తప్పదు. వాడు రెండుసార్లు ప్రయత్నించాడు, రెండుసార్లూ సగం దారిలో పడిపోయింది. నేను లోపలికి పోయి వెర్నియర్ తెచ్చాను. వెడల్పు మూడుచోట్ల కొలిచాను. మూడుచోట్లా 108.

మేనల్లుడు చూసి ఏమీ అనలేదు. బంతి తీసుకుని మళ్ళీ మొదటి కొసకు పోయాడు. రసమట్టం పెట్టి చూస్తే మా హాలు నేలకు పడమటివైపు కొంచెం వాటం ఉంది. ఆ కొసన రెండు పాత పోస్టుకార్డులు మడిచి పెట్టాను.